కోరికల పట్టిక

కోరిక లేని మనుజుడు లోకమున నుండడు. ఏనాటికైన సముద్రమును చూడవలెననియు, ఈత నేర్వవలెననియు, తాతగారు చెప్పిన కోట నెక్కవలెననియు ప్రతి విద్యార్థియు తలచుచునే యుండును. కాని యా తలంపులు పత్తిచేలో పగిలిన కాయనుండి గాలికి లేచిపోవు దూది వంటివి. పట్టుకొని యేకి వడికిననేగాని దూది నూలు కానేరదు. అట్లే కాగితముపై వ్రాసి, దినము నిర్ణయించి, తోడు కూర్చుకొనిననేగాని కోరిక కార్యము కానేరదు. ఇట్లు వ్రాసికొనిన దానినే యీ వ్యాసమున కోరికల పట్టిక యనుచున్నాను. దానిని మిత్రులతో గూడి యెట్లు కూర్పవలెనో, ఎట్లు నెఱవేర్చుకొనవలెనో, అందు కలుగు చిక్కు లెట్టివో నా యనుభవమున తెలిసినంతవఱకు విన్నవించెదను.

మొదట నొక భేదమును గ్రహింపవలెను. వైద్యుడ నగుదును, ఇంజనీరు నగుదును, ఉద్యోగము సంపాదింతును అనునవి ఆశయములు. వాని వెంట పరీక్షలును మార్కులును తల్లిదండ్రుల యాశలును నడచును. నేను చెప్పునవి వేడుక కోరికలు. కొండనెక్కి సూర్యోదయమును చూచినందులకు ఎవరును మార్కు లియ్యరు. ఎక్కుటయే దానికి ఫలము. ఇట్టివానిని చిన్నవని త్రోసివేయుట మనకు వాడుక. కాని పెద్దలైన పిమ్మట మనుజులు "అయ్యో, చేయకపోతిమే" యని వగచునవి తఱచుగా నీ చిన్నవియే.

ఇప్పుడు లోకమున నిట్టి పట్టికకు "బకెట్ లిస్టు" అను పేరు ప్రచారమందున్నది. 2007వ సంవత్సరమున వెలువడిన యొక అమెరికా చలనచిత్రముతో నీ మాట దేశదేశముల వ్యాపించినది. అందు వ్యాధిగ్రస్తులైన యిద్దఱు వృద్ధులు ఆసుపత్రిలో పరిచితులై, మరణమునకు ముందు చేయవలసిన పనులు వ్రాసికొని కలిసి బయలుదేరుదురు. కథ బాగుగనే యున్నది. ఐనను అంత్యకాలమున నారంభింపవలసిన పని కాదిది. పదునైదేండ్ల ప్రాయమున నారంభించిన వారి కథలు మనకు మఱింత యుపయోగకరములు.

అట్టివారిలో జాన్ గొడార్డు ప్రసిద్ధుడు. ఈతడు అమెరికాలోని లాస్ ఏంజిల్సు నగరమున పెరిగినవాడు. 1940లో, పదునైదేండ్ల వయస్సున, ఒక కాగితముపై 127 కోరికలు వ్రాసికొనెను. నైలునదిని పరిశోధించుట వానిలో మొదటిది. వేణువును వయొలీనును వాయించుట మొదలగు నింటిపట్టున చేయదగినవియు నందు కలవు. 1950-51 సంవత్సరములలో ఇరువురు ఫ్రెంచి మిత్రులతో గూడి చిన్న పడవలపై నైలునదిని మొదటినుండి తుదవఱకు దాటెను. 2013లో మరణించు నాటికి నూటికి పైగా కోరికలు తీర్చుకొనెను. చంద్రమండలమునకు పోవుటయు నాతని పట్టికలో నుండెను, అది తీఱలేదు. తీఱని దొకటి యుండినందున తీఱినవాని విలువ తగ్గలేదు.

మన తెలుగువారిలోను ఇట్టి యుదాహరణములు కలవు. చెన్నపట్టణమున సుప్రీముకోర్టులో నుద్యోగము చేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన కాశీయాత్రకు బయలుదేరి, పదునైదు నెలలు దాటిన పిమ్మట, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. రైలు లేని కాలమది. కాశీ పోవుట యనిన నాడు ప్రాణముపై నాస వదలుకొనుటయే. వారు ఒంటరిగా పోలేదు. పెద్ద పరివారము వెంట నుండెను. దారిలో చూచినదెల్ల దినదినమును వ్రాయుచు వచ్చిరి. 1836లో వారు గతించిరి. 1838లో వారి మిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాస పిళ్ళెగారు ఆ వ్రాతను కాశీయాత్ర చరిత్రయను పేర అచ్చొత్తించిరి. యాత్ర చేసినవా రొకరు, దానిని లోకమునకు నిలిపినవారు వారి స్నేహితులు. మిత్రుని కోరికను కాపాడుట యనిన నిదియే.

మన కాలమునకు వత్తము. 2014 మే 25వ తేదీన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనందకుమార్ అను నిరువురు విద్యార్థులు ఎవరెస్టు శిఖరము నధిరోహించిరి. వారు సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలలో చదువుచుండినవారు, పేదల బిడ్డలు. అప్పటికి పూర్ణకు పదునాలుగేండ్లైనను నిండలేదు. కాని వారు మొట్టమొదట నెక్కినది హిమాలయము కాదు. భువనగిరి కోట గుట్ట. తరువాత పూర్ణ ఏడు ఖండముల యందలి యున్నత శిఖరముల పట్టికను 2022లో ముగించెను. ఏడవ శిఖరమునకు దారి భువనగిరి రాతినుండియే మొదలైనది. దగ్గఱి కొండ నెక్కనివాడు దూరపు కొండను గుఱించి మాటలు మాత్రమే చెప్పగలడు.

ఇక మా పట్టికను గుఱించి చెప్పెదను. ఇందు గొప్పతన మేమియు లేదు. పైగా మేము చేసిన పొరపాటే యిందులో ముఖ్యభాగము.

నేను పదవ తరగతి చదువుచుండిన కాలమున మేము నలుగురము స్నేహితులము. ఇరువురము గుంటూరు పట్టణమున నుండువారము. మూడవవాడు చీరాల ప్రాంతపు చేనేతవారి బిడ్డ. వసతిగృహమున నుండి చదువుచుండెను. నాలుగవవాడు మిరపరైతు కుమారుడు. పట్టణమునకు కొంత దూరమున నున్న పల్లెనుండి ప్రతిదినము బస్సులో వచ్చుచుండెను. ఒకనాటి మధ్యాహ్నము ఉపాధ్యాయుడు రాని గంటలో, లెక్కల నోటుబుక్కు చివరి పుటమీద, ఒక్కొక్కడు మూడేసి చొప్పున పండ్రెండు కోరికలు వ్రాసితిమి.

నావి కొండవీటి కోట నెక్కుట, ఉప్పలపాటి పక్షులను చూచుట, ఈత నేర్చుట. రెండవవానివి తెల్లవాఱుజామున మిర్చియార్డును చూచుట, కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభ వెంట నడచుట, నాగార్జునకొండకు పడవపై పోవుట. నేతవారి బిడ్డవి వేటపాలెము గ్రంథాలయమున నొక దినమెల్ల గడుపుట, మగ్గముమీద మా నలుగురి చేతను జానెడు గుడ్డ నేయించుట, సూర్యలంక సముద్రమున స్నానము. నాలుగవవానివి ఉండవల్లి గుహలు, కంభము చెఱువు, తన తాతగారి యెడ్లబండిమీద మమ్ము బండలాగుడు పందెములకు తీసికొనిపోవుట. క్రింద నొక నియమము వ్రాసితిమి: "నలుగురమును చేసిననే కొట్టివేయవలెను."

వ్రాయుట సులభము. మొదటి కోరిక దగ్గఱనే నియమమునకు పరీక్ష వచ్చెను. ఫిబ్రవరి మాసమున నొక ఆదివారము కొండవీటికి పోవ నిశ్చయించితిమి. ఆ దినమును మేము పట్టణపువారము నిర్ణయించితిమి. బస్సుస్టాండులో మిరపరైతు బిడ్డకై రెండు బస్సులు విడిచి నిరీక్షించితిమి. అతడు రాలేదు. మేము మువ్వురమే పోయితిమి.

ఇప్పుడు కొండపైకి ఘాటురోడ్డు కలదు. నాడు మేము కాలిదారినే యెక్కితిమి. కొండవీడు రెడ్డిరాజుల రాజధాని. అద్దంకినుండి పాలించిన రెడ్లు పదునాలుగవ శతాబ్దమున తమ రాజధాని నిచ్చటికి మార్చిరి. శ్రీనాథమహాకవి పెదకోమటి వేమారెడ్డి యాస్థానమున విద్యాధికారిగా నుండెను. 1515లో శ్రీకృష్ణదేవరాయలు ఈ దుర్గమును జయించెను. పైన చెఱువులు, శిథిలమైన కోటగోడలు, దిగువన నలుదిక్కుల పఱచుకొనిన నల్లరేగడి నేలలు. చేలలో నక్కడక్కడ ఎఱ్ఱని చదరములు కానవచ్చెను. అవి మిరపకాయ లాఱబోసిన కల్లములు. వానిలో నొకటి మా మిత్రునిదై యుండునని రెండవవాడనెను. ఆ మాటతో మాకు మాటలు నిలిచిపోయెను. తెచ్చుకొనిన పులిహోర సగము మిగిలెను.

మఱునాడు బడిలో నోటుబుక్కు తెఱచితిమి. కొట్టివేయవలెనా, వలదా? వాడు నవ్వుచునే, "కల్లంలో కాయ ఉంటే నేనెట్లా వచ్చేదిరా? మీరు పోయొచ్చారుగా, కొట్టేయండి" అనెను. మేము కొట్టివేయలేదు. ఐనను వాడు వారము దినములు విరామవేళ మాతో గూర్చుండలేదు. అప్పుడు మాకు తెలిసివచ్చెను: తప్పు వానిది కాదు, మేము నిర్ణయించిన దినముది. సెలవనిన పట్టణమువారికి ఆదివారము. రైతుకుటుంబమునకు సెలవు వారమునుబట్టి రాదు, పంటనుబట్టి వచ్చును. మా పట్టిక నలుగురి పేర వ్రాయబడినదేగాని మువ్వురి తీరికను చూచి నడచినది.

ఆ శనివారము మేమే వాని పల్లెకు పోయితిమి. కల్లములో పట్టాలమీద కాయ లాఱుచుండెను. రంగు వెలిసిన తాలుకాయలను ఏరి వేఱుచేయు పనిలో వాని యింటివారందఱు నుండిరి. మేమును కూర్చుంటిమి. గంట గడువకముందే తుమ్ములు, దగ్గు, చేతులు మంట. నేను తెలియక కన్ను నలుపుకొంటిని. నీళ్ళతో నెంత కడిగినను చేతిమంట తగ్గలేదు. వాని తల్లి చూచి, "నీళ్ళకు పోదు నాయనా, నూనె రాసుకో" అని కొబ్బరినూనె గిన్నె ముందుంచెను. అందులకు శాస్త్రీయ కారణము కలదు. మిరపలో మంట పుట్టించు క్యాప్సైసిన్ అను పదార్థము నీటిలో కరగదు. నూనెలోను క్రొవ్వులోను కరగును. నోటిమంటకు పాలో మజ్జిగయో నీటికంటె మేలగుటయు నందువలననే. పుస్తకమున మేము చదువనిది ఆ తల్లికి చేతిపనివలన తెలిసినది.

రెండు శనివారము లట్లు పోయితిమి. మేము చేసిన పని యొక కూలి మనిషి పనిలో సగమైనను కాదని నాకు తెలియును. కాని రెండవ శనివారము సాయంకాలము వాడే నోటుబుక్కు నడిగి తీసికొని, పదుమూడవదిగా "కల్లములో తాలు ఏరుట" యని వ్రాసి, వెంటనే కొట్టివేసెను. మా పట్టికలో మొట్టమొదట నెఱవేఱినది అదియే. కోతలు ముగిసి, పరీక్షలు వ్రాసిన పిమ్మట, ఏప్రిలు ఎండలకు జడిసి తెల్లవాఱకముందే బయలుదేరి, నలుగురమును కొండవీటి కోట నెక్కితిమి.

ఈ యనుభవమునుండి మేము నేర్చిన పద్ధతిని క్రమముగా చెప్పెదను.

మొదటిది, కాలనిర్ణయము. పట్టిక ప్రక్కన పంటల పంచాంగము నుంచుకొనవలెను. మన మైదానమున పత్తితీతలు శరత్తు చివరనుండి సంక్రాంతి దాటువఱకు జరుగును. మిరపకోతలు జనవరినుండి ఏప్రిలువఱకు సాగును. కాయ కల్లములో నుండగా అకాలవర్షము వచ్చినచో రంగు చెడి ధర పడిపోవును. కావున నా దినములలో రైతుబిడ్డ కల్లము విడిచి కదలలేడు. చేనేతవారి బిడ్డకు పండుగలముందు తీరిక యుండదు. ఉప్పలపాటి చెఱువునకు గూడబాతులును కొంగలును గుంపులుగా వచ్చునది శీతకాలమున. ఆ గ్రామస్థులు తమ చెఱువులోని చెట్లపై గూళ్ళు కట్టు పక్షులను కొట్టక కాపాడుట చూడదగినది. కోటప్పకొండ ప్రభలు మహాశివరాత్రికి. గుంటూరు మిర్చియార్డు ఎండుమిరప వ్యాపారమునకు ఆసియాలోనే మిక్కిలి పెద్దదిగా పేరొందినది; అది కళకళలాడునదియు కోతల కాలముననే. అచ్చటికి మేము చూపఱులముగా పోలేదు. మిత్రుని తండ్రి తమ టిక్కీలను తెచ్చిన తెల్లవాఱుజామున వారి వెంట పోయితిమి. ధర యెంత చెప్పుదురో యని ఆయన నిలిచి చూచిన చూపును నేను మఱువలేదు.

రెండవది, వ్యయము. నలుగురిలో ఎవని సంచి చిన్నదో వాని సంచియే అందఱికిని కొలబద్ద కావలెను. ధనవంతుడైన మిత్రుడు "నీ టిక్కెట్టు నేను కొందును" అనుట మంచితనమే. కాని మూడుసార్లు కొన్న పిమ్మట ఒకడు దాతయు ఒకడు యాచకుడు నగుదురు. అందువలన మేము మట్టి ముంతలో వారమునకు కొలదిగా వేసికొంటిమి. ఎవ డెంత వేసినది చూడరాదని నియమము. ముంత నిండినంత దూరమే ప్రయాణము. ఉండవల్లి గుహలకు బస్సుఖర్చే ప్రధానము. కొండను తొలిచి నాలుగంతస్తులుగా మలచిన ఆ గుహాలయమున ఒకే రాతిలో చెక్కిన శయనమూర్తియైన విష్ణువును చూచుటకు వేల రూపాయ లక్కఱలేదు.

మూడవది, కోరికలలో వైవిధ్యము. చూచు కోరికలే కాక నేర్చు కోరికలును చేయు కోరికలును ఉండవలెను. మగ్గము మీద జానెడు గుడ్డ నేయుటకు మాకు రెండు పూటలు పట్టెను. పడుగులో నూలు తెగినప్పుడెల్ల మా మిత్రుని తండ్రి ఓర్పుతో ముడివేసెను. నే నేసిన భాగమున అంచు వంకర. ఆనాటినుండి చీరాల బట్టను నేను బేరమాడి తగ్గించుకొనుటకు సిగ్గుపడుదును. వేటపాలెములోని సారస్వత నికేతనము 1918లో కొందఱు యువజనులు కలిసి స్థాపించినది. దాని భవనమునకు 1929లో గాంధీమహాత్ముడు శంకుస్థాపన చేసెను. పాత పత్రికల సంపుటము లచ్చట భద్రపఱపబడియున్నవి. ఆ యువకులకును ఒకనాడు కలిసి వ్రాసికొనిన కోరికయే యుండియుండునుగదా! స్నేహితుల కోరిక ఊరికి ఉపయోగపడుట యెట్లో అచ్చట తెలియును.

నాలుగవది, జాగ్రత్త. వేడుకకు ప్రాణము పణము కారాదు. ఈత నేర్చుటకు మేము బెండ్లు కట్టుకొని, ఈత వచ్చిన పెద్దవాని సమక్షమున, మెట్లున్న బావిలో దిగితిమి. బాపట్లకు సుమారు 9 కిలోమీటర్ల దూరముననున్న సూర్యలంకలో అలల లాగుడు నెఱుగక లోతునకు పోయి ప్రాణములు గోల్పోయినవారు కలరు. కావున మోకాటిలోతు దాటరాదని ముందే యొప్పందము చేసికొంటిమి. ఇంటిలో చెప్పక చేయు సాహసము సాహసము కాదు, దొంగతనము. ప్రతి ప్రయాణమునకును పెద్దల యనుమతి పొందవలెను. నలుగురి తల్లిదండ్రులలో నొక్కరు వలదన్నను ఆ ప్రయాణము నిలిచిపోవలెను.

ఐదవది, నమోదు. చేసిన దినమును, చూచినదానిని నాలుగు పంక్తులలో వ్రాసి నలుగురును సంతకము చేయవలెను. ఈ కాలమున సెల్‌ఫోనులో ఫోటో తీసి పదిమందికి చూపుటయే ప్రయాణ ప్రయోజన మనుకొనువారు పెక్కండ్రున్నారు. ఫోటో తీయుట తప్పు కాదు. కాని చూపుటకై చేసినది పరుల కోరిక యగునుగాని మన కోరిక కాదు. వీరాస్వామయ్యగారివలె చూచినది వ్రాయుటకు ముందు, నిలిచి చూడవలసియుండును.

కొందఱు పెద్దలు ఆక్షేపింపవచ్చును: "చదువుకొనవలసిన వయస్సున ఈ తిరుగుళ్ళేల?" ఈ ప్రశ్నను త్రోసిపుచ్చరాదు. రైతు అప్పుచేసి బడికి పంపిన బిడ్డకు కాలము విలువైనది. అందుకే పట్టిక చిన్నదై యుండవలెను. ఏడాదికి మూడు నాలుగు కోరికలు చాలును. అందుకు సెలవుదినములే చాలును. కాని తిరుగుటయు నేర్చుటయు ఒకదానికొకటి శత్రువులు కావు. క్యాప్సైసిన్ గుణమును నేను నేర్చినది కల్లములో. రెడ్డిరాజుల చరిత్ర నాకు మనస్సున నిలిచినది కొండవీటి గోడనీడను. అంతకంటె ముఖ్యమైన దింకొకటి కలదు. నా ప్రక్క బల్లమీద మూడేండ్లు కూర్చున్నవాని యింటి జీవనము నాకు పాఠశాలలో తెలియలేదు. పట్టిక తెలిపినది.

ఇక చివరిమాట, ఆలస్యమును గుఱించి.

మా పండ్రెండింటిలో పదింటిని కొట్టివేసితిమి. కంభము చెఱువు మిగిలియున్నది. విజయనగరరాజుల కాలమున గుండ్లకమ్మకు అడ్డముగా కట్టిన ఆ చెఱువు ఎచ్చటికిని పోదు. నేడో రేపో పోవుదుము. మిగిలిన రెండవది ఎడ్లబండి ప్రయాణము. అది చేతికందునంత దగ్గఱి కోరిక యగుటచేతనే మేము దానిని వెనుకకు నెట్టుచు వచ్చితిమి. "తాతగారి బండి యెక్కడికి పోవును?" అనుకొంటిమి. మిరపధర పడిపోయిన యొక సంవత్సరమున ఎడ్లను అమ్మివేసిరి. తరువాత బండియు పోయెను. తాతగారును ఎక్కువకాలము బ్రదుకలేదు. ఆ కోరిక ఇక తీఱదు. దానిని మేము కొట్టివేయలేదు. దాని ప్రక్కన మిత్రుడు "ఆలస్యము" అని యొక్కమాట వ్రాసెను.

నాగార్జునకొండకు పోయినప్పుడు ఈ సంగతియే నాకు మఱల స్ఫురించెను. ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి యుండిన ఆ లోయ 1926లో పండితుల దృష్టికి వచ్చెను. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. లోయ మునుగునని తెలిసి, పురావస్తుశాఖవారు 1954 మొదలు 1960 వఱకు గడువుతో పరుగిడుచు త్రవ్వకములు సాగించి, ముఖ్యమైన కట్టడములను కొండపైకి చేర్చి తిరిగి నిర్మించిరి. ఆ కొండయే యిప్పుడు జలాశయము నడుమ దీవిగా నున్నది. లోయ మునిగినందున మన పొలములకు నీరు వచ్చినది. అందులకు వగవ పనిలేదు. కాని మునుగునని తెలిసిన వెంటనే పనికి పూనుకొనినవా రుండబట్టియే మనము నేడు ఆ శిల్పములను చూడగలుగుచున్నాము. మన జీవితములందును నీరు మెల్లగా పెరుగుచునే యుండును. స్నేహితులు కళాశాలలకును ఉద్యోగములకును వేర్వేఱు దిక్కులకు పోవుదురు. పెద్దలు గతింతురు. ఎడ్లబండ్లు అమ్ముడుపోవును.

కావున విద్యార్థి సోదరులారా, సోదరీమణులారా! ఈ వ్యాసము చదివి ప్రక్కన పెట్టక, నేడే నోటుబుక్కు చివరి పుటను తెఱవుడు. మీతో కూర్చుండు మిత్రులను పిలువుడు. ఒక్కొక్కరు రెండేసి కోరికలు వ్రాయుడు. వ్రాసిన పిమ్మట, మీలో మిక్కిలి తీరిక లేనివా డెవడో, మిక్కిలి చిన్న సంచి గలవా డెవడో చూచి, మొదటి దినమును వానినే నిర్ణయింపుమనుడు. దగ్గఱనున్నదానిని, రేపైన చేయవచ్చునని తోచుదానిని, మొట్టమొదట చేయుడు. మా నోటుబుక్కు ఇప్పుడు మిరపరైతు బిడ్డ యింటిలో నున్నది. వచ్చు కోతలు ముగిసిన పిమ్మట కంభమునకు పోవ దినము నిర్ణయించి తెలుపుమని వానికి వ్రాసియున్నాను. దినము వాడు చెప్పవలెను. మేము మువ్వురమును సిద్ధముగా నున్నాము.